‘వీల్ ఆఫ్ టైమ్’ కవర్లు, పాఠకుల మాటలు: 14 పుస్తకాలు మొదలుపెట్టాలా వద్దా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రాబర్ట్ జోర్డన్ ఫాంటసీ నవలల సిరీస్ ‘ది వీల్ ఆఫ్ టైమ్’ మొదలుపెడదామని చూస్తే అమెరికన్ ఎడిషన్ కవర్లు చూసి మనసు విరిగింది. చదివినవాళ్ళ అభిప్రాయాలు చూద్దామంటే తలా ఒక మాట. ఒకరు ఇంతకు మించిన ఫాంటసీ లేదంటారు, ఇంకొకరు పదో పుస్తకం దగ్గర దండం పెట్టేశామంటారు. కవర్లను తిట్టడంలో మాత్రం అందరిదీ ఒకే గొంతు. చదవొచ్చా, చదివితే ఏ ఎడిషన్?

చదవండి. కవర్ చూసి మానేయొద్దు. కవర్లను తిట్టేవాళ్ళూ మధ్య పుస్తకాలను తిట్టేవాళ్ళూ వేర్వేరు విషయాలు మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు గానీ, నా దృష్టిలో చాలావరకు రెండూ ఒకటే ఫిర్యాదు. ఆ కవర్లు మొదటి పుస్తకం దగ్గర ఆగిపోయాయి, కథ మాత్రం వాటిని వదిలేసి ముందుకెళ్ళిపోయింది. ఈ సంగతి పట్టుబడితే ఏ అభిప్రాయానికి ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలిసిపోతుంది. చాలా ఏళ్ళు పుస్తకాల కవర్ల పనిలో ఉన్నాను, ఫాంటసీ పిచ్చి అంతకుముందు నుంచే ఉంది, అందుకని కాస్త సాగదీసి చెబుతాను. కథలో కీలకమైనవేవీ బయటపెట్టను.

మొదటి పుస్తకం ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’ 1990 జనవరిలో టోర్ సంస్థ నుంచి వచ్చింది. దాని కవర్ వేసింది డారెల్ కె. స్వీట్. ఆయన అప్పటికే పేరు మోసిన చిత్రకారుడు. 1977లో వచ్చిన స్టీఫెన్ డొనాల్డ్‌సన్ ‘థామస్ కవనెంట్’ పుస్తకాల నుంచి పియర్స్ ఆంథనీ ‘జాంత్’ సిరీస్ దాకా ఎన్నో కవర్లు ఆయనవే. 1980లలో అమెరికాలో షాపు షెల్ఫ్ ముందు నిలబడినవాడికి ‘ఇది ఫాంటసీ’ అని దూరం నుంచే తెలిసేదంటే అందులో స్వీట్ వాటా పెద్దదే. అలాంటప్పుడు ఒక కొత్త సిరీస్ మీద పెద్ద పందెం కాస్తున్న ప్రచురణకర్త ఆయన దగ్గరికి కాక ఎవరి దగ్గరికి వెళ్తాడు? ఈరోజు మనకు పాతచింతకాయలా కనిపించే ఆ శైలి ఆ రోజున అన్నిటికన్నా భద్రమైన ఎంపిక.

ఆ మొదటి కవర్ ఒకసారి మళ్ళీ తీసి చూడండి. రాత్రి, తెల్ల గుర్రం మీద మోయిరేన్ అనే అంతుచిక్కని ఆవిడ, నల్ల గుర్రం మీద ఆవిడ వెంట ఉండే యోధుడు లాన్, వాళ్ళ వెంట మిగతా బృందం. పాఠకులు దశాబ్దాలుగా పట్టుకుని వేలాడుతున్న తప్పు ఇక్కడే ఉంది: కొలతలు. మోయిరేన్ పొట్టి మనిషి అని పుస్తకంలోనే ఉంది, నిజమే. కానీ బొమ్మలో లాన్ పక్కన ఆవిడ చిన్నపిల్లలా ఉంటుంది. తర్వాతి పుస్తకాల మీద ఇంకో ఫిర్యాదు ట్రాలోక్‌ల గురించి. కథలో అవి మనిషి ఒళ్ళూ మృగం మూతీ కలిసిన జీవాలు, కొన్నిటికి పక్షి ముక్కులు, కొన్నిటికి కొమ్ములు. కవర్ మీద మాత్రం కొమ్ముల శిరస్త్రాణం పెట్టుకున్న మనుషుల్లా ఉన్నాయని ఒకటే గోల. మూడో పుస్తకం ‘ది డ్రాగన్ రీబార్న్’ కవర్ అయితే చివరి ఘట్టాన్నే తెచ్చి అట్ట మీద పెట్టేసింది. (పేరు చూసినా అర్థమైపోయేదే అనుకోండి, అది వేరే సంగతి.)

అయినా స్వీట్‌కు చెందాల్సిన మెచ్చుకోలు కూడా ఇచ్చేద్దాం. గుర్రాలు వేయడంలో ఆయనకు మంచి చెయ్యి. జీను, కళ్ళెం, గుర్రం మెడ తిప్పిన తీరు, వెనక కొండల మీద పడే వెలుగు, ఇవన్నీ శ్రద్ధగా చేసిన పనులే. ఈయన బొమ్మలు చాలావరకు ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట కలిపి ఒకటే పెద్ద చిత్రం. జాకెట్ విప్పి పరిచి చూస్తే గానీ కూర్పు అర్థం కాదు. మీరు ఆన్‌లైన్‌లో చూసింది అందులో కుడివైపు సగమే, అదీ గోరంత సైజులో. ఇది సాకు కాదు, కానీ సగం బొమ్మ చూసి తీర్పు చెబుతున్నామన్న సంగతి గుర్తుంటే మంచిది.

కవర్ ఎలా తయారవుతుందో తెలియక చాలామంది నింద ఒక్క చిత్రకారుడి మీదే వేస్తారు. పద్ధతి ఇలా ఉంటుంది. పుస్తకం బయటికి రావడానికి చాలా నెలల ముందే కవర్ కావాలి, ఎందుకంటే అమ్మకందారులకు పంపే కేటలాగ్‌లో అది ఉండాలి. ఆ సమయానికి రచయిత ఇంకా చివరి అధ్యాయాలు దిద్దుతూ ఉండొచ్చు, అసలు రాయకుండానూ ఉండొచ్చు. ఆర్ట్ డైరెక్టర్ ఒక బ్రీఫ్ రాసి పంపుతారు: ఫలానా సన్నివేశం, ఫలానా పాత్రలు, పైన మూడో వంతు టైటిల్‌కి ఖాళీ వదలండి, ముఖ్యమైన ముఖం వెన్ను మడతలో పడకుండా చూడండి. చిత్రకారుడు రెండు మూడు చిన్న స్కెచ్‌లు పంపుతాడు. వాటిని చూసేది ఎడిటర్ ఒక్కరే కాదు, సేల్స్ వాళ్ళు కూడా. వాళ్ళు సామాన్యంగా అడిగేది ‘ఇది కథకు నిజమా’ అని కాదు, ‘పక్కన బాగా అమ్ముడవుతున్నదానిలా ఉందా’ అని. నా పనిలో ఒకసారి, యుద్ధమే లేని కథకు కత్తి పెట్టమని బ్రీఫ్ వచ్చింది. ‘ఇందులో కత్తి ఎక్కడుంది?’ అని అడిగితే ‘షెల్ఫ్‌లో ఉంది’ అన్నారు. ఆ జవాబులో కవర్ వ్యాపారం మొత్తం ఉంది. కవర్ అనేది సినిమా పోస్టర్ లాంటిది, హాల్లోకి ఇంకా అడుగుపెట్టనివాడి కోసం వేసింది. చదివేసినవాడు దాన్ని కథతో సరిపోల్చి చూస్తాడు, అక్కడే పేచీ.

వివరాలు తప్పు పోవడమే పాఠకుల కోపానికి అసలు కారణమా అంటే, నేను కాదంటాను. దానికి టెర్రీ ప్రాచెట్ ‘డిస్క్‌వరల్డ్’ కన్నా మంచి సాక్ష్యం దొరకదు. మొదటి పుస్తకం ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’లో ట్వోఫ్లవర్ అనే యాత్రికుడికి నాలుగు కళ్ళని ఉంటుంది. అంటే కళ్ళజోడు పెట్టుకున్నాడని. పేపర్‌బ్యాక్ కవర్ వేసిన జోష్ కర్బీ నిజంగానే నాలుగు కళ్ళూ వేసేశారు! రిన్స్‌విండ్ అనే మాంత్రికుడు కథలో మరీ ముసలివాడేం కాదు, కర్బీ బొమ్మలో తెల్లగడ్డం తాత. మోయిరేన్ ఎత్తు కన్నా ఇవి పెద్ద తప్పులే కదా. అయినా ఆ కవర్లంటే అభిమానులు ప్రాణం పెడతారు. 2001లో కర్బీ చనిపోయాక పాల్ కిడ్బీ వచ్చి, 2002లో ‘నైట్ వాచ్’ కవర్‌ని రెంబ్రాంట్ చిత్రానికి పేరడీగా వేసి, రెంబ్రాంట్ తన ముఖం పెట్టుకున్న చోట కర్బీ ముఖం పెట్టారు. అంత గౌరవం. కారణం చిన్నదే. కర్బీ బొమ్మలు కిక్కిరిసి, వంకరటింకరగా, అల్లరిగా ఉంటాయి. లోపలి రాత కూడా అంతే. కళ్ళ లెక్క తప్పినా స్వరం తప్పలేదు.

స్వీట్ విషయంలో జరిగింది దీనికి తలకిందులు. ఆయన చాలా చోట్ల వివరాలు పట్టించుకున్నారు, గుర్రాల రంగుతో సహా. స్వరం కుదరలేదు. పాఠకుడికి ‘స్వరం కుదరలేదు’ అని చెప్పడం కష్టం, ‘మోయిరేన్ మరీ పొట్టిగా ఉంది’ అని చెప్పడం తేలిక. అందుకే ఫిర్యాదులన్నీ కొలతల రూపంలో వస్తాయి.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. కొన్ని వివరాలు తప్పితే అది చిన్న తప్పు కాదు, పుస్తకాన్నే మార్చేయడం. అర్సులా లెగ్విన్ 1968లో ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ రాసినప్పుడు కథానాయకుడు గెడ్‌ను ఎరుపు కలిసిన గోధుమ రంగు మనిషిగా రాశారు. ఎర్త్‌సీలో ఎక్కువమంది నల్లని, గోధుమ రంగు మనుషులే. అది కావాలని చేసిన పని. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కవర్ల మీద గెడ్ తెల్లవాడిగా వస్తూనే ఉన్నాడు, ఆవిడ బాహాటంగా అభ్యంతరం చెబుతూనే ఉన్నారు. దాన్ని ‘కవర్ కదా, పోనిద్దూ’ అనలేం. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ ఉదంతం వేరే రకం: 1965లో బలంటైన్ సంస్థ వేసిన ఆయన పేపర్‌బ్యాక్‌లకు బార్బరా రెమింగ్టన్ పుస్తకాలు చదివే వీలు లేకుండానే కవర్లు వేయాల్సి వచ్చింది. ‘ది హాబిట్’ మీద సింహం, ఈమూ పక్షులు ఏమిటని పెద్దాయన తల పట్టుకున్నారు. తర్వాతి ముద్రణల్లో సింహాన్ని తీసేశారు.

సరే, మళ్ళీ ‘వీల్ ఆఫ్ టైమ్’ దగ్గరికి. మొదటి పుస్తకం తొలి భాగం టోల్కీన్ పల్లెటూరిని గుర్తుచేసేలా కావాలనే రాశానని జోర్డన్ స్వయంగా చెప్పారు. పల్లె కుర్రాళ్ళు, అంతుచిక్కని ఆవిడ, వెంటాడే నల్లని రౌతు, రాత్రికి రాత్రి ఊరు విడిచి ప్రయాణం. ఆ పుస్తకానికి గుర్రాల గుంపు కవర్ చక్కగా సరిపోతుంది. ఈ మాట అంటే కొందరికి నచ్చదు గానీ, స్వీట్ మొదటి కవర్ మంచి కవరే, ఒక్క కొలతలు పక్కనపెడితే.

కానీ నాలుగో పుస్తకం ‘ది షాడో రైజింగ్’ (1992) దగ్గరికి వచ్చేసరికి ఇది గుర్రాల మీద సాగే సాహసయాత్ర కాదు. దేశాల మధ్య ఎత్తులు, స్త్రీలు నడిపే ఒక పెద్ద మంత్రశక్తి సంస్థలో చీలికలు, ఎడారి ప్రజల చరిత్ర, తనకు పిచ్చి పడుతుందని తెలిసిన మనిషి చేతిలో అధికారం. ఈ పుస్తకంలో రుయిడియన్ అధ్యాయాలున్నాయి. ఒక జాతి గతాన్ని వెనక్కి వెనక్కి నడిపిస్తూ చూపిస్తాడు జోర్డన్. ఒక్కో అడుగుకీ ఇంతకుముందు విన్న కథ తిరగబడుతుంది. సిరీస్‌లో ఉత్తమ భాగం ఏదంటే నా ఓటు అక్కడికే. ఇలాంటి పుస్తకాల మీద కూడా కవర్ మాత్రం అవే రంగులు, అవే భంగిమలు, అదే ‘బయల్దేరుదాం పదండి’. 1994లో ‘లార్డ్ ఆఫ్ కేయాస్’ వచ్చేసరికి ఇది రొమాన్స్ నవలేమో అనుకుంటున్నారని పాఠకులు నవ్వుకోవడం మొదలైంది. ఆ పుస్తకం ముగింపు చదివినవాళ్ళకి ఆ నవ్వు ఎంత చేదో తెలుసు.

కాబట్టి కవర్ చూసి కొన్నవాడికి సాహసం కావాలి, నాలుగో పుస్తకం నుంచి రాజకీయం దొరుకుతుంది. ‘కథ కదలడం లేదు’ అనే అభిప్రాయాల్లో కొంత భాగం ఇక్కడి నుంచే వస్తుంది. కథ కదులుతూనే ఉంటుంది, వాళ్ళు చూస్తున్న దారిలో కాదు.

అలాగని మధ్య పుస్తకాల మీద విమర్శ అంతా కవర్ నెపమే అననులెండి. ఏడో పుస్తకం నుంచి పదో పుస్తకం దాకా ఉన్న భాగాన్ని అభిమానులే ‘స్లాగ్’ అంటారు, బురదలో నడకలాంటి చోటని. కొందరు ఎనిమిది నుంచి లెక్కేస్తారు. ఆ మాట ఎవరు ఎప్పుడు అన్నారో చూడాలి. ఏడో పుస్తకం 1996లో వచ్చింది, చివర్లో పల్లె కుర్రాళ్ళలో ఒకడైన మాట్‌ని పెద్ద ప్రమాదంలో వదిలేసి ముగిసింది. ఎనిమిదో పుస్తకం 1998లో వచ్చింది, అందులో మాట్ అసలు లేడు. అతనికేమైందో తెలిసింది 2000లో వచ్చిన తొమ్మిదో పుస్తకంలో. నాలుగేళ్ళు! అప్పుడు చదివినవాళ్ళకి ఒళ్ళు మండిందంటే మండదూ మరి. ఆపైన తొమ్మిదో పుస్తకం చివర ఈ సిరీస్‌లోనే అతి పెద్ద సంఘటనల్లో ఒకటి జరుగుతుంది. ఇక ఏమవుతుందో అని రెండేళ్ళకు పైగా కాచుక్కూర్చుంటే, 2003 జనవరిలో వచ్చిన ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్’ కాలాన్ని వెనక్కి తిప్పి, ఆ సంఘటన జరుగుతున్నప్పుడు మిగతా పాత్రలు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నారో చెబుతూ పోతుంది.

మీరు ఇవాళ చదివితే మాట్ కోసం ఒక్క పుస్తకం ఆగితే చాలు. పదో పుస్తకం మాత్రం ఇప్పటికీ నెమ్మదే, అందులో మొహమాటం లేదు. నచ్చని అధ్యాయాలు పైపైన తిరగేస్తూ వెళ్ళండి, ఎవరూ ఏమనరు. ఇంతకీ 2003 నాటి అభిప్రాయం, మొత్తం ఒక్క ఊపున చదివినవాడి అభిప్రాయం ఒకే పుస్తకం గురించి రాసినా, రెండూ ఒకే అనుభవం గురించి కావు. అందుకే ఎవరిదైనా అభిప్రాయం చదివేటప్పుడు ముందు రెండు విషయాలు వెతుకుతాను: ఎప్పుడు రాశారు, ఎన్నో పుస్తకం దగ్గర ఉన్నారు. నక్షత్రాలు తర్వాత.

కొన్ని ఫిర్యాదులు మాత్రం ఎప్పుడు చదివినా నిలుస్తాయి. నైనీవ్ అనే అమ్మాయి కోపమొస్తే జడ పట్టుకు లాక్కుంటుంది. మొదటిసారి ముద్దుగా ఉంటుంది. పదోసారికి, వందోసారికి ఆ జడ ఎలా మిగిలిందా అనిపిస్తుంది. ఆడవాళ్ళు అదేపనిగా గౌను మడతలు సర్దుకుంటుంటారు. మగవాళ్ళు ‘ఈ ఆడవాళ్ళు అర్థం కారు’ అని, ఆడవాళ్ళు ‘ఈ మగవాళ్ళకి బుర్ర లేదు’ అని ఒకరినొకరు ఎన్ని వేల పేజీలు అనుకుంటారో. ఇందులో కొంత కావాలని పెట్టిందే: మగవాళ్ళ మంత్రశక్తి కలుషితమైపోయిన లోకంలో ఆ రెండు వర్గాలూ ఒకరినొకరు నమ్మలేకపోవడమే కథకు మూలం. కానీ ఉద్దేశం ఉన్నంత మాత్రాన విసుగు పోదు. పల్లె నుంచే వచ్చిన ఎగ్వీన్‌ని ఆరాధించేవాళ్ళూ ఉన్నారు, ఆవిడ పేరెత్తితే పళ్ళు నూరేవాళ్ళూ ఉన్నారు. నేను మొదటి వర్గం. రెండో వర్గం వాదన కూడా అర్థమవుతుంది.

2005లో పదకొండో పుస్తకం ‘నైఫ్ ఆఫ్ డ్రీమ్స్’తో కథ మళ్ళీ పరుగందుకుంది. 2007 సెప్టెంబర్ 16న జోర్డన్ చనిపోయారు. ఆయన భార్యా ఎడిటరూ అయిన హ్యారియట్ మెక్‌డూగల్ మిగతా కథ పూర్తిచేయడానికి బ్రాండన్ శాండర్సన్‌ని ఎంచుకున్నారు. ఒక్క పుస్తకం అనుకున్నది మూడైంది: 2009, 2010, 2013. ఈ మూడింటి మీద అభిప్రాయాలు చాలావరకు ఒకే రకంగా ఉంటాయి: వేగం పెరిగింది, ముడులు విడిపోయాయి, కానీ మాట్ మాటతీరు మారిపోయింది. ‘ది గ్యాదరింగ్ స్టార్మ్’లో మాట్ జోకులు చదివితే మీకూ తెలుస్తుంది. తర్వాతి రెండింట్లో కాస్త కుదురుకున్నాడు.

అన్నట్టు, పాఠకుల వెక్కిరింతలు బాగా తిన్న కవర్లలో ‘గ్యాదరింగ్ స్టార్మ్’దీ ఒకటి. పుస్తకం లోపల కథానాయకుడు రాండ్ మనసు ఎంత చీకటి కోనలోకి దిగుతుందో చదివినవాళ్ళెవరూ మర్చిపోరు. అట్ట మీద ఒక పెద్ద భవనం ముందు మామూలుగా నిలబడ్డ మనిషి. కవర్‌కీ కథకీ మధ్య దూరం అంత పెరిగిన చోటు ఇంకోటి లేదు. చివరి పుస్తకం కవర్ పని జరుగుతుండగానే, 2011 డిసెంబర్‌లో, స్వీట్ చనిపోయారు. ‘ఎ మెమరీ ఆఫ్ లైట్’ కవర్ మైకేల్ వేలన్ వేశారు: కత్తి పట్టిన రాండ్, వెనక ఇద్దరు స్త్రీలు, ఆపైన వింత వెలుగు. పేరు అక్షరాలు, అమరిక పాత పుస్తకాల వరసలోనే ఉంచారు, షెల్ఫ్‌లో వేరుపడకుండా. వేలన్ బొమ్మలో నాకు నచ్చింది ఆ నిశ్శబ్దం. అక్కడ ఎవరూ ఎక్కడికీ బయల్దేరడం లేదు.

మీకు పనికొచ్చే సంగతి ఇక్కడుంది. 2009 నుంచి టోర్ ఈ సిరీస్‌ను ఈబుక్‌గా విడుదల చేస్తూ ఒక్కో పుస్తకానికి ఒక్కో చిత్రకారుడితో కొత్త కవర్ వేయించింది. డేవిడ్ గ్రోవ్, డొనాటో జాంకోలా, శామ్ వెబర్, డాన్ డాస్ శాంటోస్, గ్రెగ్ మాన్‌చెస్, జూలీ బెల్, మైకేల్ కొమార్క్, టాడ్ లాక్‌వుడ్, ఇలా చాలామంది హేమాహేమీలు. ఒక్కరి చేతి పని కాదు కనుక ప్రతి పుస్తకం తన స్వరం తను వెతుక్కుంది. మరీ ముఖ్యంగా, ఇవి చిన్న సైజులో చూస్తారని తెలిసి వేసినవి: ఒకరిద్దరు మనుషులు, స్పష్టమైన ఆకారం, ఒక బలమైన వెలుగు. స్వీట్ శైలిలో పదిమంది, నాలుగు గుర్రాలు, దూరాన కోట ఉన్న బొమ్మ ఫోన్ తెర మీద రంగుల మరకే అవుతుంది. ఫాంటసీ కవర్లు క్రమంగా సన్నివేశం వదిలి ఒంటరి మనిషి మీదికి, ఆ తర్వాత వట్టి చిహ్నం మీదికి మళ్ళడానికి కారణాల్లో ఈ తెర సైజు ఒకటి. బ్రిటన్‌లో ఆర్బిట్ వాళ్ళ ఎడిషన్ ఎప్పుడో ఆ దారి పట్టింది: నల్లటి అట్ట, మధ్యలో చక్రం చుట్టుకున్న పాము. బస్సులో చదువుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ నాకది కాస్త చప్పగా ఉంటుంది, 14 పుస్తకాలూ ఒకదానికొకటి తేడా తెలియకుండా.

మీరు ఏది కొన్నా ఒకటి గుర్తుంచుకోండి. సిరీస్ పాఠకులకు చెత్త బొమ్మ కన్నా ఎక్కువ కోపం తెప్పించేది మధ్యలో డిజైన్ మారడం. ఆరు పుస్తకాలు ఒక రకం, ఏడోది అంగుళం పొడుగు, వెన్ను మీద అక్షరాలు వేరే చోట. ఆ పుస్తకాల వరస చూసినప్పుడల్లా కళ్ళల్లో నలుసే. టీవీ సిరీస్ 2021 నవంబర్‌లో మొదలైనప్పుడు నటి బొమ్మతో టై-ఇన్ కవర్లు వచ్చాయి. ఆ షో మూడు సీజన్లతో ఆగింది. అలాంటి కవర్‌తో మొదలుపెడితే అదే రకంలో సెట్ పూర్తికాదు. కాగితం పుస్తకాలే కావాలంటే ఒక ఎడిషన్ ఎంచుకుని, అందులో పద్నాలుగూ దొరుకుతాయో లేదో చూసుకున్నాకే మొదటిది కొనండి. కళ్ళకు శ్రమ వద్దనుకుంటే ఈబుక్ మేలు. చిన్న సైజు పేపర్‌బ్యాక్‌లు లావుగా, సన్నక్షరాలతో, ఒంటిచేత్తో పట్టుకోలేనట్టు ఉంటాయి, సగం చదివేసరికి వెన్ను గీతలు పడుతుంది. వినే అలవాటుంటే మైకేల్ క్రామర్, కేట్ రీడింగ్ చదివిన ఆడియో ఉంది. మగ పాత్రల దృష్టిలో నడిచే భాగాలు ఆయన, ఆడ పాత్రలవి ఆవిడ. పదో పుస్తకాన్ని చాలామంది దాటింది వీళ్ళ గొంతుల సాయంతోనే.

ఏ ఎడిషన్ అయినా లోపల ఒకటి చూడండి, కవర్ గొడవల్లో ఎవరూ మాట్లాడనిది. ప్రతి అధ్యాయం తల మీద ఒక చిన్న నలుపు తెలుపు గుర్తు ఉంటుంది, మాథ్యూ నీల్సన్ వేసినవి. తోడేలు కనిపిస్తే పెరిన్ అనే ఇంకో పల్లె కుర్రాడు, పాచికలు కనిపిస్తే మాట్ అని కొన్నాళ్ళకి కన్ను అలవాటుపడిపోతుంది. అధ్యాయం పేరు చదవకముందే గుండె కొంచెం వేగం అందుకుంటుంది. ఎక్కడో ఒక అధ్యాయం నెమ్మదిగా, మామూలు మాటలతో మొదలవుతుంది, పైన గుర్తు మాత్రం ట్రాలోక్ తల. ఇక ఆ అధ్యాయమంతా బిక్కుబిక్కుమంటూ చదువుతారు. ఈ సిరీస్ స్వరాన్ని పట్టుకున్న బొమ్మలు ఏవంటే నేను వీటినే చూపిస్తాను. పెద్ద రంగుల కవర్ చేయలేకపోయిన పని అంగుళం గుర్తు చేసింది.

మొదలుపెట్టడానికి లెక్క ఇది. మొత్తం దాదాపు 44 లక్షల పదాలు, కాబట్టి ‘అన్నీ చదవాలా’ అని ఇప్పుడే ఆలోచించకండి. మొదటి పుస్తకంతోనే తీర్పు ఇవ్వొద్దు. దాని ముగింపు హడావుడిగా, కొంచెం అయోమయంగా ఉంటుంది, అభిమానులు కూడా ఒప్పుకుంటారు. రెండోది ‘ది గ్రేట్ హంట్’ చివరి వంద పేజీలు చదివాక కూడా మనసు కదలకపోతే అక్కడ ఆపేయండి, మీకూ ఈ సిరీస్‌కీ కుదరదు. కదిలితే నాలుగోదాకా ఆగకుండా వెళ్ళండి. రుయిడియన్ చదివాక సలహా అడిగే అవసరం మీకు ఉండదు.

అభిప్రాయాలు చదివే అలవాటు మానలేరు కనుక, ఏ పుస్తకం పూర్తయితే దాని గురించినవి మాత్రమే చదవండి. ఇంకా చదవని పుస్తకాల అభిప్రాయాల్లో కథ బయటపెట్టేవాళ్ళు కోకొల్లలు. 2004లో వచ్చిన ముందుకథ ‘న్యూ స్ప్రింగ్’ కాలక్రమంలో మొదటిదని చెప్పి దాంతో మొదలుపెట్టమనేవాళ్ళు కూడా కనిపిస్తారు, వాళ్ళ మాట వినకండి. మోయిరేన్, లాన్ ఎవరో ఏమిటో తెలియకపోవడమే మొదటి పుస్తకంలో సగం ఉత్కంఠ. దాన్ని పదో పుస్తకం అయ్యాక చదవండి. పొట్టి పుస్తకం, చకచకా సాగుతుంది, పదోదాని తర్వాత ప్రాణం లేచొస్తుంది.